మూడు రంగుల దుపట్టా

ధార్మిక విద్య బోధించేవాడు రంగుల గురించి వ్రాయడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. తెల్లని కుర్తా, తెల్లని టోపీ, సున్నం వేసిన గోడలు, వీటి మధ్యనే మాబోటివారి జీవితం గడిచిపోతుంది. అయితే ఏ ప్రశ్న ఎక్కడినుండి వస్తుందో చెప్పలేము. వారసత్వపు వాటాల గురించి, జకాత్ లెక్కల గురించి నన్ను అడిగేవారు సూర్యాపేటలో చాలామందే ఉన్నారు. నిఖా దుస్తులలో నలుపు ఉండవచ్చునా అనే ప్రశ్న మాత్రం నా ఇంటిలోనే, నా కుమార్తె వివాహ సందర్భంలో పుట్టింది. దానికోసం కితాబులతో పాటు మగ్గం దగ్గరకు కూడా వెళ్ళవలసి వచ్చింది.

మా రెండవ అమ్మాయికి మిర్యాలగూడలో సంబంధం కుదిరింది. అమ్మాయి దుస్తుల రూపకల్పనలో శిక్షణ పొంది, ఇంటివద్దనే కుట్టుపని చేస్తూ ఉండేది. పెళ్ళి ఖర్చులలో ఆమె మమ్మల్ని పట్టుబట్టి అడిగినది ఒక్కటే. నిఖానాడు తలపై కప్పుకునే దుపట్టా ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులలోనే ఉండాలి. జరీ వద్దు, చమ్కీలు వద్దు. "మూడే ఉంటే ఏ రంగు ఎందుకు ఉన్నదో చూసేవారికి తెలుస్తుంది అబ్బా. నాలుగవది చేరితే మొదటి మూడూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి" అన్నది. మా ఇంటావిడ ఏమీ అనలేదు. కోదాడలో ఉండే మా ఆపా మాత్రం విన్న వెంటనే, "పెళ్ళిపిల్ల నెత్తిమీద నలుపా? నీకు చదువు ఎక్కువై బుద్ధి తక్కువైందా?" అని నన్నే మందలించింది. అరవై దాటిన అక్క మందలిస్తే యాభై దాటిన తమ్ముడు వినవలసిందే.

అమ్మాయి కోరిన వస్త్రం తేలియా పద్ధతిలో నేసినది. తేల్ అంటే నూనె అని మన ఇండ్లలో చెప్పనక్కరలేదు. నూలును ముందుగా నూనెలోను, ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిద నీటిలోను ఎన్నో రోజులపాటు పిసికి, ఎండబెట్టి, మళ్ళీ పిసికి, మళ్ళీ ఎండబెడతారు. అప్పుడు గాని ఎర్రరంగు దారానికి గట్టిగా పట్టదు. పూర్వం తీరాంధ్రలో ఈ ఎరుపును చిరువేరు నుండి తీసేవారు. 1868లో జర్మనీలో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన తరువాత క్రమంగా ఆ పొడి వాడుకలోకి వచ్చింది. నలుపుకు ఇనుప తుక్కు కావాలి. తెలుపుకు ఏమీ అక్కరలేదు. రంగు తగలకుండా ముడి వేసి కాపాడిన నూలే తెలుపు.

చీరాల ఈ పనికి పుట్టినిల్లు. అక్కడి చదరపు రుమాళ్ళు ఓడలలో అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్ళేవి. ఎండలో తిరిగే అరబ్బులు వాటిని తలకు చుట్టుకునేవారు. నూనె ఇంకిన బట్ట తలను చల్లగా ఉంచుతుందని ప్రతీతి. ఇక్కడ బెస్తవారు, పశువుల కాపరులు అదే బట్టను తలపాగాగాను, లుంగీగాను కట్టుకునేవారు. చీరాలలో ఆ పని తగ్గిపోయినా, మన పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో నిలిచింది. కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి ప్రోత్సాహం అందుకు తోడ్పడింది. ఆ గ్రామానికి చెందిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ లభించింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో జిల్లాలు విడిపోయాక పుట్టపాక యాదాద్రి భువనగిరిలోకి, సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వెళ్ళాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. మా తరం వారికి ఇవన్నీ ఇప్పటికీ ఒకే జిల్లా.

నేనూ, అమ్మాయీ హైదరాబాదు బస్సులో చౌటుప్పల్ వరకు వెళ్ళి, అక్కడినుండి సంస్థాన్ నారాయణపురం మండలంలోని ఆ గ్రామానికి చేరుకున్నాము. నేత పెద్దాయన ఇంటి వాకిట్లో అడుగుపెట్టగానే గానుగ దగ్గర వచ్చేటటువంటి నూనె వాసన. తేలియాలో పడుగునూ పేకనూ రెండింటినీ నేయకముందే ముడులు వేసి అద్దుతారు. మగ్గంపై ఆ రెండూ కలిసేచోట గడి సరిగ్గా కుదరాలి. ముడులకు సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు వాడుతున్నారు. పేకను ముడులకు సిద్ధం చేయడానికి ఆసు పోయాలి. ఒక చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించవలసి వచ్చేది. తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. దానికి 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తల్లి సేవ గురించి మేము మదరసాలో చెప్పే పాఠాలలో ఈ ఉదాహరణను కూడా చేర్చాలని నాకు చాలాసార్లు అనిపించింది.

దుపట్టాకు బయానా ఇచ్చి వచ్చాము. నెలన్నర గడిచాక మిర్యాలగూడ నుండి కబురు వచ్చింది. వియ్యపురాలికి నలుపు ఇష్టం లేదట. ఎరుపు, తెలుపు ఉంచి నలుపు తీసేయమన్నారు. నేను పుట్టపాకకు ఫోన్ చేశాను. పెద్దాయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "మౌల్సాబ్, ముడులు ఏసుడు అయిపోయింది, ఎరుపు ఎక్కింది. ఇప్పుడు నలుపు వద్దంటే ఆ జాగ మొత్తం ఎర్రగనే ఉంటది. తెల్ల చుక్కలు మిగుల్తయి గని గడి ఏడున్నదో, అంచు ఏడున్నదో కనపడది. నేసి ఇయ్యమంటే ఇస్త. దాన్ని తేలియా అని మాత్రం నేననను" అన్నాడు. మూడింటిలో ఒకదానిని తీసేస్తే మిగిలేది రెండు రంగుల నమూనా అవుతుందని నేను అనుకున్నాను. నమూనాయే మిగలదని అతడు చెప్పాడు.

ఇక శాస్త్రం విషయం. శకునాలను నమ్మడాన్ని మన ధర్మం తోసిపుచ్చింది. కాబట్టి నలుపు అశుభమనే మాటకు ఆధారమే లేదు. మక్కా విజయం నాడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నల్లని తలపాగాతో నగరంలో ప్రవేశించారని సహీహ్ ముస్లింలో ఉన్నది. తెల్లని దుస్తులను ఆయన (స) ప్రోత్సహించారన్నది అందరికీ తెలిసినదే. ఎరుపు విషయంలో, అదీ పురుషుల విషయంలో, పండితుల మధ్య చర్చ ఉన్నది. ప్రవక్త (స) ధరించిన ఎర్రని జోడు గురించి ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మతుల్లాహి అలైహి) జాదుల్ మఆద్‌లో చేసిన వివరణ విద్యార్థి దశలో నాకు శుష్కమైన వివాదంగా తోచేది. అది కేవలం ఎరుపు కాదనీ, ఎరుపు చారలు నల్లదారంతో కలిపి నేసిన యెమెన్ వస్త్రమనీ ఆయన అంటారు. పుట్టపాకలో ఆరవేసిన నూలు చూశాక ఆ వాక్యాలు నాకు బట్టగా కనిపించాయి. కాబా వస్త్రం కూడా ఎల్లప్పుడూ నల్లగా లేదు. ఖలీఫా మామూన్ కాలంలో ఏటా ఒకసారి ఎర్రని పట్టు, రెండుసార్లు తెల్లని వస్త్రం కప్పేవారని చరిత్రకారులు వ్రాశారు. 1180 నుండి 1225 వరకు పాలించిన ఖలీఫా నాసిర్ కాలంలో గాని నలుపు స్థిరపడలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, సూరె ఫాతిర్ 27వ ఆయతు ఒక ఎత్తు. పర్వతాలలోని రంగుల చారలను ప్రస్తావిస్తూ అక్కడ పేరుపెట్టి చెప్పిన రంగులు మూడే: తెలుపు, ఎరుపు, కాకినలుపు. గరాబీబ్ అనే ఆ పదానికి, కాకి అనే అర్థమున్న గురాబ్ అనే పదానికి చుట్టరికం ఉన్నదని నిఘంటుకారులు చెబుతారు. ఇరవై ఏండ్లుగా పిల్లలకు ఈ ఆయతు చెబుతున్నాను. వారికి అరేబియా కొండలు ఎక్కడ కనిపిస్తాయి? అందుకని మన నేలనే చూపిస్తాను. సూర్యాపేట చుట్టూ ఎర్ర చెలకలు, కాలువ క్రింద నల్లరేగడి, కోదాడ దాటి మేళ్ళచెరువు, మఠంపల్లి వైపు వెళితే సిమెంటుకోసం తవ్వుతున్న సున్నపురాయి. అమెరికా పరిశోధకులు బెర్లిన్, కే 1969లో ప్రపంచ భాషలలోని రంగుల పేర్లను పోల్చిచూసి, మూడే రంగుల పేర్లున్న భాషలలో ఆ మూడూ నలుపు, తెలుపు, ఎరుపేనని వ్రాశారు. మనిషి కన్ను ముందుగా వేరుచేసి గుర్తించేవి ఇవేనేమో. (మా జిల్లాలో ఎరుపు అనగానే ముందుగా జెండా గుర్తుకు వస్తుందనుకోండి. ఎన్నికలు వస్తే ఏ రంగు కండువా కప్పుకోవాలన్నా ఆలోచించవలసిన రోజులివి.)

ఈ ఆధారాలన్నీ మూటకట్టుకుని, మా ఇంటావిడను వెంటబెట్టుకుని మిర్యాలగూడ వెళ్ళాను. వియ్యపురాలు తెర వెనుకనుండి శ్రద్ధగా విన్నది. విని, నేను ఊహించని మాట చెప్పింది.

"భాయీసాబ్, హలాలా, హరామా అని నేను అడగలేదు. నలుపుకు దోషం లేదని నాకూ తెలుసు. మా అబ్బాయి రైసుమిల్లులో యంత్రాల దగ్గర పనిచేస్తాడు. రేపు వాడి చేతికి చిన్న దెబ్బ తగిలినా, నాకు జ్వరం వచ్చినా, కోడలు నల్లబట్టతో అడుగుపెట్టింది అంటారు. బంధువులు అంటారు, ఈ వీధిలో అందరూ అంటారు. మీ కితాబు వాళ్ళ నోళ్ళు మూయించగలదా? ఆ మాట పడేది మీ బిడ్డే."

ఫత్వాకు సమాధానం చెప్పవచ్చు, ఈ మాటకు ఏమి చెప్పాలి? ఆమె మా అమ్మాయిపై అయిష్టంతో మాట్లాడలేదు. అత్తవారింట కోడలు ఎటువంటి మాటలు పడుతుందో ఆమెకు స్వానుభవం ఉన్నదని మా ఇంటావిడకు తరువాత చెప్పిందట. ఆ వివరాలు ఇక్కడ అనవసరం. నేను దుపట్టా సంగతి వదిలేసి, సహీహ్ బుఖారీలోని ఉమ్మె ఖాలిద్ (రజి) వృత్తాంతం చెప్పాను. ఆమె అప్పుడు చిన్నపిల్ల, అబిసీనియాలో పెరిగి వచ్చింది. ప్రవక్త (స) వద్దకు కొన్ని బట్టలు వచ్చాయి. వాటిలో ఒక చిన్న నల్లని దుప్పటి ఉన్నది, దానిపై ఆకుపచ్చనో పసుపుపచ్చనో నమూనా. దీనిని ఎవరికి ఇద్దామని సహచరులను అడిగి, ఉమ్మె ఖాలిద్‌ను పిలిపించి, తన చేతులతోనే ఆమెకు కప్పారు. నమూనా వైపు వ్రేలు చూపి, ఆ పిల్లకు అలవాటైన అబిసీనియా భాషలో బాగుందని మెచ్చుకున్నారు.

తెర వెనుక నిశ్శబ్దం. "తన చేతులతోనా?" అని ఒక్కమాట అడిగింది. అవునన్నాను. చాయ్ వచ్చింది, త్రాగి బయలుదేరాము. బస్సులో మా ఇంటావిడ, "వేరే ఎర్ర దుపట్టా ఒకటి కొని ఉంచుదాం" అన్నది. సరేనన్నాను. అమ్మాయి కూడా సరేనన్నది, కానీ ఆ రాత్రి కుట్టుమిషను చాలాసేపు తిరిగింది. కోపం వచ్చినప్పుడు ఆమె మాట్లాడదు, కుడుతుంది.

నిఖా షవ్వాల్‌లో జరిగింది. ఆడవారి వైపు జరిగినది నాకు మా పెద్దమ్మాయి చెప్పింది. బజారులో కొన్న ఎర్ర దుపట్టాతోనే అమ్మాయిని కూర్చోబెట్టారు. వియ్యపురాలు వచ్చి సలాం చేసి, పుట్టపాక నుండి వచ్చినది ఎక్కడని అడిగిందట. తెప్పించుకుని, మడత విప్పి, రెండువైపులా త్రిప్పి చూసి, బంధువులందరి ముందు తన చేతులతో కోడలి తలపై కప్పిందట. "ఇది నేను కప్పాను" అని అందరికీ వినబడేలా అన్నదట. ఆ ఇంటిలో నలుపు ప్రస్తావన ఇంతవరకు మళ్ళీ రాలేదు. కోదాడ ఆపా ముఖం ముడుచుకున్నది గాని విందులో బాగానే తిన్నది.

పెళ్ళి తరువాత రంగుల సమస్య ఇంటి గోడలకు ప్రాకింది. మేడమీద గది కొత్త దంపతులదైంది. అమ్మాయి అదే మూడు రంగులతో గదిని తీర్చదలచింది. ఇంటి అలంకరణ చేసేవారు పాటించే లెక్క ఒకటి ఉన్నదట. ఒక రంగు నూటికి అరవై, రెండవది ముప్ఫై, మూడవది పది. మూడూ సమానంగా ఉంటే గది సర్కసు డేరాలా ఉంటుందని ఆమె చెప్పింది. నేను ఈ లెక్కను మా తాతగారి ఇంటిలో చూశాను. కోదాడ దగ్గరి పల్లెలో మట్టి గోడలకు పైనంతా సున్నం, క్రింద జానెడు పట్టెగా జాజు, తలుపులకు తారు పూసిన నలుపు. ఎవరూ కొలవలేదు. సున్నం చౌక కాబట్టి ఎక్కువ, జాజు తెచ్చుకోవాలి కాబట్టి తక్కువ, తారు చెదలు పట్టేచోట మాత్రమే. ఇప్పుడు సూర్యాపేటలో కొత్తగా కట్టే ఇండ్ల ముఖాలపై ఆరేడు రంగులు, వాటిపై రాత్రంతా వెలిగే దీపాలు చూస్తుంటే కంటికి నిద్ర కూడా కరువవుతుందేమోనని భయం వేస్తుంది.

గదికి తెలుపు నిర్ణయమైంది. కిటికీ చట్రాలు, మంచం ఇనుము నలుపు. ఎరుపు ఎక్కడ? అల్లుడు ఉత్సాహవంతుడు. మంచం ఎదురుగా ఉన్న గోడ మొత్తం ముదురు ఎరుపు వేయించి, దానిపై పెద్ద తేలియా రుమాలును చట్రం కట్టించి వ్రేలాడదీద్దామన్నాడు. పెద్దపెద్ద నగరాలలో అలాగే చేస్తున్నారని ఫోన్‌లో చూపించాడు. చూడడానికి బాగానే ఉన్నది. అయితే అది పడమటి గోడ, నమాజుకు నిలబడితే ముఖం ఎదురుగా ఉండేది అదే.

ఇక్కడ నేను నలుపు విషయంలో కంటే గట్టిగా మాట్లాడాను. అబూ జహమ్ (రజి) కానుకగా ఇచ్చిన నమూనాల వస్త్రం నమాజులో తన ధ్యాసను లాగిందని దైవప్రవక్త (స) దానిని తిరిగి ఆయనకే పంపి, అతని సాదా వస్త్రాన్ని తెప్పించుకున్నారు. హజ్రత్ ఆయిషా (రజి) ఇంటిలో ఒక ప్రక్కన వ్రేలాడదీసిన రంగురంగుల తెరను కూడా నమాజులో కంటికి అడ్డుపడుతున్నదని తీసివేయమన్నారు. ఉమ్మె ఖాలిద్ దుప్పటిపై నమూనాను మెచ్చుకున్నది ఆ ప్రవక్తే (స). పిల్ల భుజంపై బాగున్నది నమాజు చేసేవాని కళ్ళ ఎదుట బాగుండకపోవచ్చు. తేలియా రుమాళ్ళలో ఏనుగులు, సింహాలు, గడియారాలు, విమానాలు నేసినవి కూడా ఉన్నాయి, మ్యూజియములలో దాచిపెట్టారు. ఆ పనితనం అపురూపమైనదే. మన గోడకు మాత్రం జీవుల బొమ్మలు లేని గడులు, చుక్కలు, వజ్రాకారాలు చాలు, అవీ తూర్పు గోడకు.

అల్లుడు ఒకటి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తరువాత ఎరుపును తలుపు ప్రక్కన బీరువాకు, మంచంపై దుప్పటికి పరిమితం చేశారు. రుమాలు తూర్పు గోడకు చేరింది.

కిటికీ తెరల దగ్గర మరొక చిక్కు వచ్చింది. బజారులో పోచంపల్లి నమూనా అని అమ్మేవాటిలో చాలావరకు అచ్చు వేసినవి. ధర తక్కువ కాబట్టి కొనేవారిని తప్పుపట్టలేము. కాని అచ్చు బట్టను మగ్గం బట్టగా నమ్మించి అమ్మడం మోసమే, కొలతల్లో తగ్గించడం ఎంత తప్పో ఇదీ అంతే. గుర్తించడం కష్టం కాదు. అచ్చు వేసినదానికి వెనుకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, బొమ్మ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ముడి వేసి నేసినదానికి రెండు ముఖాలూ ఒకటే, రంగు రంగుతో కలిసేచోట అంచు ఈకలా కొంచెం చెదిరి ఉంటుంది. వియ్యపురాలు నిఖానాడు దుపట్టాను త్రిప్పి చూసినది అందుకేనట. అమ్మాయి చివరకు తెరలకు సాదా తెల్లని ఖద్దరు కొని, అంచుకు తాను కుట్టగా మిగిలిన ఎర్ర పట్టీ వేసింది.

మొన్న మిర్యాలగూడ వెళ్ళినప్పుడు ఆ గదిలోనే అసర్ నమాజు చేశాను. నూనె వాసన ఇంకా పోలేదు, మూడు నాలుగు ఉతుకుల తరువాత తగ్గుతుందన్నారు. పడమటి గోడకు తెల్లసున్నం తప్ప ఏమీ లేదు, ఒక మేకు కూడా కొట్టలేదు.